పడినవాడు చెడినవాడా?

అంతవరకు ఓటమి యెరుగని హెవీవెయిటు ముష్టియోధుడొకడు తొలిసారి నేలగూలెనన్న వార్త వచ్చిననాడు మన పఠనాలయములలో జరుగు చర్చ వినదగినది. నిన్నటివరకు వానిని భీమసేనునితో బోల్చినవారే "ఇక వాని పని సరి" యని తీర్పు చెప్పి పత్రికను బల్లమీద బడవైతురు. వాని వయస్సెంత, ఎవనిచేత నోడెను, ఏ దెబ్బకు నోడెను, ఆ దెబ్బ తగులుటకు సందెట్లు దొరకెను అను ప్రశ్నలు వారికి దోచవు. పడ్డవాడెన్నడును చెడ్డవాడు కాడని మనవారు చెప్పుకొను సామెత నిందలకు ఓర్చుకొన్నవానిగూర్చి పుట్టినదే కావచ్చును గాని, బరిలో బడినవానికిని అది అక్షరాల చెల్లును. తొలి యపజయము యోధుని భవిష్యత్తును నిర్ణయింపదు. దాని తరువాతి నెలలలో వాడును వానిచుట్టు నున్నవారును ఏమి చేసిరన్నదే నిర్ణయించును. ఇది మా యభిప్రాయము. దీనికి గల యాధారములను పాఠకుల ముందుంచుచున్నాము.

మొదట హెవీవెయిటు పోటీ స్వభావమును గమనింపవలెను. తక్కిన తరగతులలో యోధుని బరువునకు పైహద్దు కలదు, దీనికి లేదు. నేటి వృత్తిపోటీలలో సామాన్యముగా 200 పౌండ్లు దాటినవారెల్లరు నిందు జేరుదురు. అంత దేహము వెనుకనున్న పిడికిలి దవడకు సరిగా దగిలెనా, పదునొకండు రౌండ్లు గెలిచివచ్చినవాడైనను పండ్రెండవదానిలో పడిపోవును. కావున ఓటమిలేని చరిత్ర యోధుని ప్రతిభను తెలుపుటతోబాటు ఎదిరిని ఎన్నుకొన్న మేనేజరు నేర్పునుగూడ దెలుపుచుండును. హెవీవెయిటు జగజ్జేతలలో వృత్తిజీవితమంతటను ఒక్క పోటీయైన నోడక, 49 గెలుపులతో 1956లో విరమించిన రాకీ మార్షియానో పేరు నేటికిని ప్రత్యేకముగా జెప్పుకొనబడుచున్నదనిన, తక్కిన మహాయోధుల సంగతి తెలియుచునే యున్నది. వారెల్లరు నేదో యొకనాడు పడినవారే.

ఈ విషయమున జో లూయిస్ చరిత్రకంటె మేలైన నిదర్శనము మాకు గానరాదు. ఆతడు 1914లో అమెరికాలోని అలబామా రాష్ట్రమున, ఇతరుల భూమిని పాలుకు దున్ని బ్రతుకు నల్లజాతి కుటుంబమున బుట్టెను. 1926లో ఆ కుటుంబము డెట్రాయిటు నగరమునకు వలసపోయినది. 1934 జూలై 4వ తేదీన వృత్తియోధుడై, రెండేండ్లలో 20కి పైబడిన పోటీలు వరుసగా గెలిచెను. పూర్వము జగజ్జేతలుగా నుండిన ప్రైమో కార్నెరా, మాక్స్ బేర్ లిరువురును 1935లో ఆతనిచేత నేలగఱచిరి. ఆతనికి మునుపు హెవీవెయిటు కిరీటమును ధరించిన నల్లవాడు జాక్ జాన్సన్ ఒక్కడే. 1915లో జాన్సన్ ఓడిన తరువాత రెండు దశాబ్దములకు పైగా ఏ నల్లజాతి యోధునికిని ఆ కిరీటమునకై పోరాడు అవకాశమే యియ్యలేదు. అందుచే లూయిసు మేనేజర్లు ఆతని కనేక నియమములు విధించిరి. ఓడినవానిని జూచి నవ్వరాదు, తెల్లస్త్రీ ప్రక్కన ఛాయాచిత్రము దీయించుకొనరాదు, గొప్పలు చెప్పుకొనరాదు. ఇట్లు పిడికిళ్ళు విప్పి, నోరు కట్టి బరిలోనికి దింపబడిన 22 ఏండ్ల యువకునిపై ఒక జాతిజాతియే తన యాశలను మోపినది. ఇది న్యాయమైన భారమా యని యడుగుటకు ఆనా డెవరికిని తీరిక లేకపోయెను.

1936 జూన్ 19వ తేదీన న్యూయార్కులోని యాంకీ స్టేడియమున ఆతడు జర్మను యోధుడైన మాక్స్ ష్మెలింగును ఎదుర్కొనెను. ష్మెలింగునకు వయస్సు మీరినదనియు, ఆతని దినములు గడచినవనియు అందరును దలచిరి. పందెము గట్టువారు లూయిసు పక్షమునే నిలిచిరి. లూయిసుగూడ అభ్యాసమునకంటె గోల్ఫు ఆటకే మిక్కిలి కాలము నిచ్చెనని చెప్పుదురు. ష్మెలింగు మాత్రము లూయిసు పోటీని స్వయముగా జూచి, అతని చలనచిత్రములను బరిశీలించి, ఒక రహస్యమును గనిపెట్టెను. లూయిసు ఎడమచేతితో పోటు పొడిచిన పిదప ఆ చేతిని వెంటనే దవడకు రక్షణగా వెనుకకు దేక, క్రిందికి జారవిడుచును. ఆ క్షణమున ష్మెలింగు కుడిచేతికి దారి తెరచియుండును. నాలుగవ రౌండులో ఆ కుడిచేయి ఆతనిని మొదటిసారి పడగొట్టినది. పండ్రెండవ రౌండులో లేవలేకపోయెను. ఈ లోపమును పోటీకి ముందే బహిరంగముగా జెప్పినవారిలో జాక్ జాన్సన్ ఒకడు. ఆ ముదుసలి మాటను అసూయగా దలచినవారే యెక్కువ.

ఆ రాత్రి హార్లెము వీధులలో పెద్దలైన పురుషులు పిల్లలవలె నేడ్చుటను తాను చూచితినని కవి లాంగ్‌స్టన్ హ్యూస్ వ్రాసియున్నాడు. జర్మనీలో హిట్లరు ప్రభుత్వము ఆ పోటీని తన జాతిసిద్ధాంతమునకు రుజువుగా జాటుకొనెను. అమెరికా పత్రికలలో లూయిసును కృత్రిమముగా బెంచబడిన వీరుడని వ్రాసినవారును గలరు. ఎడమచేయి ఆరంగుళములు క్రిందికి జారుటకును, ఒక జాతి హీనమగుటకును ఏమి సంబంధము? ఆ చేతిని పైకెత్తుట నేర్పవచ్చును. ఆ కథలను వ్రాసినవారి బుద్ధిని బాగుచేయుట మాత్రము కష్టము.

లూయిసు శిక్షకుడు జాక్ బ్లాక్‌బర్న్. ఈతడు స్వయముగా నారితేరిన యోధుడు, మాటకు మెత్తనివాడు కాడు. ఓటమికి సాకులు వెదకుటకు మారుగా ఈ గురుశిష్యులిరువురును ఆ ఎడమచేతి సంగతి చూచుకొనిరి. రెండు నెలలు తిరుగకమునుపే, ఆగస్టు 18వ తేదీన, మునుపటి జగజ్జేత జాక్ షార్కీని లూయిసు మూడవ రౌండులో గూల్చెను. ఆ తరువాత 1937 ఫిబ్రవరిలోపల మఱి ఆరు పోటీలు చేసెను. పాఠకులు ఈ సంఖ్యను గమనింతురుగాక. ఓడినవానిని ఇంట గూర్చుండబెట్టి దుఃఖింపనీయలేదు. వెంటనే ష్మెలింగు మీదికి మరల దోలనులేదు. చిన్నవారితో, పెద్దవారితో, పారిపోవువారితో, పైబడువారితో పోరాడించి, నేర్చినది చేతికి అలవడునట్లు చేసిరి. మా దృష్టిలో ఆ చరిత్రమంతటికిని ఈ యెనిమిది నెలలే కీలకము. తరువాత జరిగిన గొప్ప పోటీలను లోకము జ్ఞాపకముంచుకొన్నది గాని, ఈ నెలలను మఱచినది.

న్యాయస్థానములలోగూడ మేము చూచునది ఇదియే. ఓడిన కక్షిదారులలో పదింట తొమ్మండుగురు న్యాయాధిపతిని, సాక్షులను, తుదకు తమ వకీలునుగూడ నిందింతురు. తీర్పు ప్రతిని తెప్పించి, తమ వ్యాజ్యము ఎచట విరిగెనో చదువువాడు పదవవాడు. అప్పీలులో గెలుచువాడును సామాన్యముగా వాడే.

1937 జూన్ 22వ తేదీన షికాగోలో జేమ్స్ బ్రాడక్‌ను ఎనిమిదవ రౌండులో గూల్చి లూయిసు జగజ్జేత యయ్యెను. ఆ పోటీలోగూడ మొదటి రౌండున ఆతడే పడెను, లేచి గెలిచెను. అయితే ఇచట నొక సంగతిని దాచుట ధర్మము గాదు. బ్రాడక్‌తో పోరాడు హక్కు న్యాయముగా ష్మెలింగుది. లూయిసును ఓడించినవాడాతడే, ఒడంబడికయు నాతనితోనే కుదిరియుండెను. నాజీ జర్మనీపై అమెరికాలో బుట్టిన వ్యతిరేకత యొకవైపునను, తదుపరి 10 ఏండ్ల ఆదాయములో పదవవంతు నిత్తుమని బ్రాడక్ మేనేజరునకు జూపిన యాశ మఱియొకవైపునను బనిచేసి, ఆ హక్కును ద్రోసివేసినవి. ష్మెలింగు నాజీ పక్షములో సభ్యుడు గాడు; ఆతని మేనేజరు యూదుడు; 1938 నవంబరులో యూదులపై దౌర్జన్యములు చెలరేగినపుడు ఇరువురు యూదబాలురను తన గదిలో దాచి కాపాడెను. ప్రభుత్వము చేసిన పాపమును మనుష్యునిపై మోపుట మాకు సమ్మతము గాదు. లూయిసునకును ఆ కిరీటము సగమే యనిపించినదని చెప్పవలెను. ష్మెలింగును గెలిచిననాడే తన్ను జగజ్జేత యని పిలువుడని యాతడు కోరెను.

ఆ దినము 1938 జూన్ 22. అదే యాంకీ స్టేడియము, సుమారు 70,000 ప్రేక్షకులు. పోటీ 2 నిమిషముల 4 సెకండ్లలో ముగిసెను. ష్మెలింగు మూడుమారులు పడెను. ఇంతకు మించి వర్ణింపవలసినది లేదు, వర్ణించుటకు వ్యవధియు లేకుండెను. ఆ పిమ్మట 1949లో విరమించువరకు లూయిసు 25 మారులు కిరీటమును నిలుపుకొనెను.

ఓడిన ప్రతివాడును లూయిసు గాగలడని మేము చెప్పుటలేదు. 1974 అక్టోబరు 30వ తేదీన కిన్షాసాలో మహమ్మద్ అలీ చేతిలో తొలిసారి ఓడిన జార్జి ఫోర్మన్ బరి త్రాళ్ళు వదులనియు, త్రాగిన నీటిలో ఏదో కలిపిరనియు సాకులు చెప్పెను. అలీ తన్ను అలయించి గెలిచెనన్న తేటతెల్లమైన సత్యమును ఒప్పుకొనుటకు ఆతనికి ఏండ్లు పట్టినది. 1977లో మరల ఓడి, బరిని విడిచి, మతబోధకుడయ్యెను. పదియేండ్ల పిమ్మట తిరిగివచ్చినవాడు మఱియొక మనుష్యుడు. నవ్వుట నేర్చినవాడు, అలయక ఆగుట నేర్చినవాడు. 1994 నవంబరు 5వ తేదీన, తన 45వ యేట, మైకేల్ మూరర్‌ను పదవ రౌండులో గూల్చి కిరీటమును మరల బొందెను. తీర్పు ప్రతిని చదువుటకు కొందరికి ఇరువదియేండ్లు పట్టును.

ఈ కాలపు యోధులలో డియోంటే వైల్డర్ 2020 ఫిబ్రవరిలో టైసన్ ఫ్యూరీ చేతిలో తొలిసారి ఓడినపుడు, బరిలోనికి నడచివచ్చునపుడు ధరించిన వేషము బరువు తన కాళ్ళను చెఱచినదనెను; తన ప్రాణమును గాచుటకు తువ్వాలు విసరిన శిక్షకుని దూరము చేసికొనెను. 2021 అక్టోబరులో అదే ఫ్యూరీతో పోరి, ఎదిరిని రెండుమారులు పడగొట్టియు పదునొకండవ రౌండులో ఓడెను. ఆతని ధైర్యమును శంకించుట కవకాశము లేదు. కాని ధైర్యము లేమి యాతని రోగము గాదు గదా!

ఆంథొనీ జాషువా సంగతి వేఱు. 2019 జూన్ 1వ తేదీన, మఱియొకనికి మారుగా వచ్చిన ఆండీ రూయిజ్ చేతిలో ఏడవ రౌండున ఓడెను. సాకులు చెప్పలేదు, ఎదిరియే మేలుగా పోరాడెనని యొప్పుకొనెను. ఆరు నెలల పిమ్మట సౌదీ అరేబియాలో వారు మరల కలిసినపుడు ఓడినవాడు 10 పౌండ్లు తగ్గి వచ్చెను, గెలిచినవాడు 15 పౌండ్లు పెరిగి వచ్చెను. విందులు తన్ను చెఱచినవని రూయిజే పిమ్మట నొప్పుకొనెను. జాషువా దూరము నుండి పోరాడి పండ్రెండు రౌండ్లును గడపి పాయింట్లపై గెలిచెను. ఆ పిమ్మట 2021, 2022లలో ఉసిక్ చేతిలో ఓడుట నిజమే. కాని అది తొలి యోటమి మిగిల్చిన గాయము గాదు. తనకంటె నేర్పరి యెదురగుట మాత్రమే.

ఒడంబడికలు వ్రాయుటలో బ్రతుకుచున్నవారము గనుక మఱియొక మాటను జెప్పక తప్పదు. పెద్ద పోటీల పత్రములలో ఓడినవానికి వెంటనే మరల అదే యెదిరితో పోరాడు హక్కు నిచ్చు షరతు చేర్చుట నేడు పరిపాటి. చూచుటకిది ఓడినవానికి రక్షణవలె నుండును. ఎక్కువమార్లు రక్షణ పొందునది ప్రదర్శకుని టిక్కెట్ల పెట్టెయే. లూయిసు ఎనిమిది నెలలలో ఏడు పోటీలు చేసి నేర్చినదానిని, ఏటికి ఒకటి రెండు పోటీలు చేయు నేటి యోధుడు ఎచట నేర్చును? జాషువా ఆ షరతును వాడుకొని గెలిచినాడన్న యాక్షేపణ మాకు దెలియును. అది ఎదిరి విందుల పుణ్యముగూడ నని మఱువరాదు. దవడ తగ్గకమునుపే, చేయి దిద్దుకొనకమునుపే ఓడినవానిని అదే పిడికిలి ముందునకు దోలుటను హక్కని పిలువవచ్చును గాని హితమని మేము పిలువజాలము.

ఓడిననాడే యోధుని పని ముగిసినదనదగిన సందర్భములును గలవు. పన్ను బకాయిల యప్పులలో మునిగిన లూయిసు 1950లో తిరిగి బరిలోనికి దిగి, ఎజర్డ్ చార్లెస్ చేతిలో నోడెను. 1951 అక్టోబరు 26వ తేదీన, 37 ఏండ్ల వయస్సున, మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో మార్షియానో ఆతనిని ఎనిమిదవ రౌండులో త్రాళ్ళ నడుమనుండి వెలుపలికి బడగొట్టెను. అది ఎడమచేతి లోపము గాదు. దిద్దుకొనుటకు కాలమును మిగులలేదు. గెలిచిన మార్షియానో ఆ రాత్రి ఓడినవాని గదికి బోయి కన్నీరు పెట్టుకొనెనందురు.