తల్లిని కాదు, మాయను అడగాలి

గర్భం మధ్యలో పోయినా, బిడ్డ బరువు తక్కువగా పుట్టినా మన ఇళ్లలో వేలు తల్లి వైపే చూపిస్తుంది. బరువులెత్తిందనీ, బొప్పాయి తిన్నదనీ, గ్రహణం రోజు బయట తిరిగిందనీ అంటారు. తొమ్మిది నెలలూ బిడ్డకు ఊపిరీ తిండీ అందించిన మాయను మాత్రం ఎవరూ అడగరు. పూర్తిగా పడిందో లేదో చూసి, పసుపు సంచిలో వేసి పంపేస్తారు. ఇది నన్ను చాలా బాధపెడుతుంది.

మాయను అడిగితే ఏం తెలుస్తుందో ఒక ప్రయోగం చూపింది. 1999లో అమెరికాలోని సాల్క్ ఇన్‌స్టిట్యూట్‌లో రొనాల్డ్ ఎవాన్స్ బృందం చిట్టెలుకల్లో పీపీఏఆర్ గామా అనే జన్యువును తీసేసింది. పదో రోజుకల్లా పిండాలు చనిపోయాయి. చూస్తే గుండె గోడలు పలచబడి ఉన్నాయి. తప్పు గుండెదే అనుకోవాలి కదా! కానీ అలాంటి పిండాలకే ఆరోగ్యమైన మాయ దొరికేలా చేసినప్పుడు గుండె గోడలు సరిగ్గా పెరిగాయి. నెలలు నిండేదాకా నిలిచిన పిల్లకు వేరే ప్రాణాంతక లోపాలు బయటపడ్డాయి, అది వేరే సంగతి. గుండె లోపం మాత్రం మాయ నుంచి వచ్చిందే.

పీపీఏఆర్ గామా జన్యువు తయారుచేసే ప్రోటీన్ ఒక న్యూక్లియర్ రిసెప్టర్. అణుశక్తితో దీనికి సంబంధం లేదు. కణంలోకి చేరిన హార్మోన్లనో, విటమిన్లనో, కొవ్వు ఆమ్లాలనో పట్టుకుని, ఏ జన్యువు పనిచేయాలో, ఏది ఆగాలో నిర్ణయించే ప్రోటీన్ల కుటుంబమే న్యూక్లియర్ రిసెప్టర్లు. మనిషిలో ఇవి 48. పీపీఏఆర్ గామా కొవ్వు ఆమ్లాలకు స్పందిస్తుంది. ఒంటరిగా కాదు, ఆర్‌ఎక్స్‌ఆర్ ఆల్ఫా అనే మరో రిసెప్టర్‌తో జత కట్టి పనిచేస్తుంది.

మనిషి మాయలో ఈ జంట చేసే పని అద్భుతం. మాయ కుచ్చుల మీద విడివిడిగా ఉన్న కణాలు ఒకదానిలో ఒకటి కలిసిపోయి, గోడలు లేని ఒకే పొరగా మారతాయి. తల్లి రక్తం నేరుగా తాకేది ఆ పొరనే. గర్భ పరీక్షలో రెండో గీత తెప్పించే హెచ్‌సీజీ హార్మోన్ తయారయ్యేదీ అక్కడే. ప్రయోగశాలలో ఈ రిసెప్టర్‌ను ఉత్తేజపరిస్తే కణాలు కలిసిపోవడమూ, హెచ్‌సీజీ తయారీ కూడా పెరిగాయి. అదే రిసెప్టర్, గర్భాశయ గోడలోకి చొచ్చుకెళ్లే మరో రకం మాయ కణాలకు మాత్రం పగ్గం వేస్తుంది. ఆ కణాలు తల్లి ధమనులను వెడల్పు చేయాలి. చాలినంత లోతుకు వెళ్లకపోతే రక్తం సరిపోదు, బిడ్డ ఎదుగుదల కుంటుపడుతుంది, తల్లికి బీపీ ముదిరే ప్రీ ఎక్లాంప్సియా ముప్పు పెరుగుతుంది. అలాగని ఆ పగ్గం తీసేస్తే మేలనుకోవద్దు. గర్భంతో ఉన్న ఎలుకల్లో పీపీఏఆర్ గామాను మందుతో అడ్డుకుంటే బీపీ పెరిగింది, మూత్రంలోకి ప్రోటీన్ కారిపోయింది, పిల్లల బరువు తగ్గింది. ఎలుకలో తేలిందంతా మనిషికి వర్తిస్తుందని నేను అనను. మనిషి మాయ అంతకంటే లోతుగా పాతుకుంటుంది.

ఇంకో మాట అత్తలకూ మామలకూ తెలియాలి. మాయ కణాలు పుట్టేది పిండం నుంచే. అంటే మాయలో తండ్రి జన్యువులూ సగం ఉన్నాయి. కోడల్ని నిలదీసేవారు ఇది విన్నాక ఏమంటారు?

బిడ్డ పోయిన కాన్పుల్లోనూ, ప్రీ ఎక్లాంప్సియా వచ్చిన కాన్పుల్లోనూ, బిడ్డ బాగా చిన్నగా పుట్టినప్పుడూ మాయను పారేయకుండా పాథాలజిస్టుకు పంపమని కుటుంబాలు అడగాలి. ఫార్మలిన్‌లో భద్రపరిచి పంపితే చాలు. ఆ నివేదికను తల్లి చేతికివ్వాలి. తర్వాతి గర్భంలో డాక్టరు ముందు పెట్టడానికి ఆమెకు అది కావాలి.