టీకను కూడా దిద్దాల్సిందే

మొన్న శనివారం సాయంత్రం ఒక పిల్లాడు ల్యాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టాడు. ఇంజినీరింగ్ మూడో ఏడు, జమ్మలమడుగు పక్క పల్లె. లినక్స్ కెర్నల్‌లో ఒక డ్రైవర్‌ను కాస్త మార్చాడు. కోడ్ బాగుంది. దాని నెత్తిన, అది ఏం చేస్తుందో చదివేవాళ్లకు చెప్పే కామెంట్ మాత్రం పాతదే. ఫంక్షన్‌కు ఇప్పుడు మూడు విలువలు అందించాలి, కామెంట్‌లో రెండే ఉన్నాయి. ఇదేమిటని అడిగాను. "కోడు పనిజేస్తాండాది గదా సార్, కామెంటుదేముంది?" అన్నాడు.

వాణ్ణి నేను తప్పు పట్టను. ల్యాబ్‌లో ప్రోగ్రాం నడిస్తే మార్కులు, నడవకపోతే సున్నా అని నేర్పింది మన చదువులే. కామెంట్ చదివి మార్కు వేసిన పరీక్షకుడు నా చదువంతటిలో ఒక్కరూ తగల్లేదు.

కెర్నల్ అంటే కంప్యూటర్‌లో యంత్రానికీ మనం వాడే ప్రోగ్రాములకూ మధ్య నిలబడే భాగం. 1991లో హెల్సింకీలో చదువుకుంటున్న లినస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన లినక్స్ కెర్నల్ ఇవాళ ప్రతి ఆండ్రాయిడ్ ఫోన్‌లోనూ ఉంది. దాని కోడ్ దాదాపు నాలుగు కోట్ల లైన్లు. అంత కోడ్‌ను మొత్తం చదివిన మనిషి లేడు, ఉండబోడు. కెమెరా డ్రైవర్ రాసేవాడు మెమరీ సంగతి చూసే కోడ్‌లోకి దిగి చూడడు. పైనున్న కామెంట్ చదివి, నమ్మి, ఆ ఫంక్షన్‌ను పిలుస్తాడు. మనం చిన్నప్పుడు పద్యం కింద టీక చూసి అర్థం చెప్పుకున్నట్టే. టీకలో తప్పుంటే క్లాసంతా అదే తప్పు అప్పజెప్పేది.

ఈ కామెంట్లకు కెర్నల్‌లో ఒక పద్ధతి ఉంది. కెర్నల్-డాక్ అంటారు. ఒక స్లాష్, రెండు స్టార్లతో మొదలవుతుంది. ఫంక్షన్ పేరు, అది చేసే పని ఒక్క ముక్కలో, తర్వాత అందించాల్సిన ఒక్కో విలువ గురించి ఒక్కో లైను, ఏం తిరిగిస్తుంది, ఎలాంటి పరిస్థితిలో పిలవచ్చు. విలువ పేరు తప్పినా, ఒకటి మరిచిపోయినా దాన్ని పరీక్షించే స్క్రిప్టు హెచ్చరిస్తుంది. పిల్లాడి తప్పు అదే పట్టిచ్చేది. అయితే స్క్రిప్టు పేర్లు సరిపోయాయా అని మాత్రమే చూస్తుంది. రాసిన మాట నిజమా కాదా అన్నది దానికి తెలియదు. అది చదివి చెప్పాల్సింది మనిషే.

ఆ చదవడం అంత తేలిక కాదు. ఒక పని పూర్తయ్యేదాకా, గడువు పెట్టుకుని ఆగే ఫంక్షన్లు కెర్నల్‌లో ఉన్నాయి. వాటిలో ఒకటి గడువు దాటిపోతే సున్నా ఇస్తుంది, పని ముందే అయిపోతే మిగిలిన సమయాన్ని ఇస్తుంది. మైనస్ అంకె ఎన్నడూ ఇవ్వదు. దాని తోబుట్టువు లాంటి ఇంకో ఫంక్షన్ మాత్రం మధ్యలో సిగ్నల్ వస్తే మైనస్ అంకె ఇస్తుంది. పేర్లలో ఒక్క మాటే తేడా. ఒకదాని మాదిరే అనుకుని రెండోదాన్ని వాడితే జరగని పని జరిగినట్టు లెక్కవుతుంది. ఆ తేడా చెప్పేది కామెంటే.

తప్పుడు కామెంట్ ఏం చేస్తుందో నేను పడి తెలుసుకున్నాను. బెంగళూరులో ఒక కంపెనీలో పని చేసే రోజుల్లో మా బోర్డు రెండు రోజులకొకసారి బిగుసుకుపోయేది. మూడు రాత్రులు నిద్ర లేదు. చివరికి చూస్తే, ఒక ఫంక్షన్ పైన "ఇంటరప్ట్‌లో కూడా పిలవచ్చు" అనే అర్థంలో కామెంట్ ఉంది. రాసిన రోజున అది నిజమే. తర్వాత ఎవరో లోపల మ్యూటెక్స్ తాళం పెట్టారు. అది వేరేవాళ్ల చేతిలో ఉంటే పిలిచినవాడు నిద్రపోయి కాచుకోవాలి. ఇంటరప్ట్ అంటే చేస్తున్న పని ఆపి వెంటనే చూడమని యంత్రం పంపే కబురు, అక్కడ నిద్రపోకూడదు. తాళం ఖాళీగా ఉన్నన్నాళ్లూ అంతా బాగుండేది, లేని ఒక్క క్షణంలో బోర్డు ఆగిపోయేది. ఆ కామెంటే లేకపోతే నేను ఫంక్షన్ లోపలికి వెళ్లి చూసుకునేవాణ్ణి. ఉంది కాబట్టి నమ్మాను.

మూలంతో పాటు టీకనూ సరిచూడడం మా కడపకు కొత్త సంగతి కాదు. 1820లో ఉద్యోగం మీద తొలిసారి ఇక్కడికొచ్చిన సి.పి. బ్రౌన్, మళ్లీ కడపకు తిరిగొచ్చాక బంగళా కొని, పండితులకు జీతాలిచ్చి ఏం చేయించాడు? ఒకే కావ్యానికి పలు తాటాకు ప్రతులు తెప్పించి పక్కపక్కన పెట్టి దిద్దించాడు. మూలంతో సరిపెట్టలేదు, వ్యాఖ్యలు కూడా రాయించాడు. 1851లో అచ్చయిన మనుచరిత్రకు వ్యాఖ్య రాసింది ఆయన కొలువులోని జూలూరి అప్పయ్య పండితుడు. ఆ బంగళా ఉన్న చోటే, ఎర్రముక్కపల్లిలో, జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారి పట్టుదలతో బ్రౌన్ గ్రంథాలయం లేచింది. అక్కడి చెట్ల కింద నడిచినప్పుడల్లా నాకు తోచేది ఒకటే. ఆ పండితుల పనిలో గొప్ప భాగం కొత్తగా రాయడం కాదు, ఉన్నదాన్ని అనుమానంగా చదవడం.

తాటాకు ప్రతి చివర లేఖకుడు "చూసినట్టే రాశాను, తప్పుంటే నన్ననవద్దు" అని రాసుకునేవాడు. కెర్నల్‌లో ఆ మాట చెల్లదు. 2004 నుంచి ప్రతి మార్పు కిందా రాసినవాడు "సైన్డ్-ఆఫ్-బై" అని తన పేరు పెట్టి పూచీ పడాలి. చదివి సరిచూసినవాడి పేరూ "రివ్యూడ్-బై" అని పక్కనే చేరుతుంది, చెరగకుండా ఉంటుంది. కెర్నల్ మీద పనిచేయడానికి అమెరికా వీసా అక్కర్లేదు. వేంపల్లె పిల్ల పేరు కూడా అక్కడ ఉండొచ్చు.

ఇప్పుడు కోడ్ చూపిస్తే కామెంట్ రాసిపెట్టే ఏఐ పరికరాలు వచ్చాయి. నున్నగా రాస్తాయి. కోడ్‌లో ఒక తాళం ఎందుకు పెట్టారో, తీస్తే ఏమవుతుందో పెట్టినవాడు ఎక్కడా చెప్పకపోతే వాటికెలా తెలుస్తుంది? నున్నగా ఉన్న తప్పు త్వరగా కంటికి దొరకదు. కాబట్టి చదివేవాళ్ల అవసరం పెరిగింది.

కర్నూలు ట్రిపుల్ ఐటీడీఎంలో, ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో, ప్రొద్దుటూరు ఇంజినీరింగ్ కాలేజీలో పాఠం చెప్పే మిత్రులకు నా విన్నపం. రెడీమేడ్‌గా కొనుక్కొచ్చే మినీ ప్రాజెక్టు బదులు, ఒక్కో విద్యార్థికి కెర్నల్‌లో ఒక్క ఫైలు ఇవ్వండి. ప్రతి కామెంట్‌నూ కింద ఉన్న కోడ్‌తో పోల్చి, ఏది నిజమో ఏది పాతబడిందో రాసుకురమ్మనండి. స్పెల్లింగులు దిద్ది లెక్క చూపిస్తే ఒప్పుకోకండి. దిద్దిన ఒక్క కామెంట్ కెర్నల్‌లోకి చేరితే పూర్తి మార్కులు వేయండి.

జమ్మలమడుగు పిల్లాడు ఆ రాత్రి పదిన్నర దాకా కూర్చుని మూడో విలువ గురించి ఒక లైను రాశాడు. నాలుగుసార్లు కొట్టేసి ఐదోసారి రాసింది నిలిచింది.