యోగాకు ఆటల పీరియడే దొరికిందా?



జూన్ 21, యోగా దినోత్సవం వస్తే చాలు, బడుల్లో చాపలు పరిచి, ఫొటోలు దిగి, గ్రూపుల్లో పెట్టేస్తారు. మర్నాటికి ఆ చాపలు స్టోర్ రూములో ఉంటాయి. అదే నయం. కొన్ని ప్రైవేటు బడులైతే ‘యోగాతో జ్ఞాపకశక్తి’ అని అడ్మిషన్ల కరపత్రంలో వేసుకుని, ఉన్న ఒక్క ఆటల పీరియడ్‌నూ దానికి రాసిచ్చేస్తున్నాయి. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టుంది.

యోగా వల్ల మేలు లేదనడం లేదు. 2001లో పరిశోధకులు మంజునాథ్, షిర్లీ టెల్లెస్ 10-13 ఏళ్ల ఆడపిల్లలకు నెలపాటు రోజూ 75 నిమిషాలు యోగా చేయించి, రంగు బంతుల్ని వీలైనన్ని తక్కువ కదలికల్లో సర్దే పరీక్ష పెట్టారు. ముందే ఆలోచించుకుని బంతి కదపడంలో వాళ్లు బాగా మెరుగయ్యారు. అయితే ఆ యోగా జట్టులో ఉన్నది పదిమందే. 2012లో వెలువడిన బెంగళూరు అధ్యయనం ఇంకా పెద్దది. పేదింటి పిల్లలు, 7-9 ఏళ్లవాళ్లు, 200 మంది. సగం మందికి యోగా, సగం మందికి వ్యాయామం, మూడు నెలలు. తెలివితేటల పరీక్షల్లో రెండు జట్లూ మెరుగయ్యాయి, ఏదీ రెండోదాన్ని మించలేదు. ఈ మాట ఏ కరపత్రంలోనూ కనపడదు!

కబడ్డీలో కూతకెళ్లిన పిల్లాణ్ణి చూడండి. ఊపిరి తెగకూడదు, బోనస్ గీత మీద ఓ కన్ను, గొలుసు కట్టి మూలన పొంచి ఉన్న ఇద్దరి మీద ఇంకో కన్ను, 30 సెకన్లలో తేల్చుకుని తిరిగి రావాలి. ఏకాగ్రత అంటే ఇది కాదా? అటు వరండాలో ఇరుక్కుని కూర్చున్న యాభైమంది పిల్లలు, జలుబు ముక్కులతో అనులోమ విలోమం చేస్తూ ఒంటికన్నుతో పక్కవాణ్ణి చూసి నవ్వుకుంటుంటారు. తప్పు వాళ్లది కాదు, నేర్పేవాళ్లే లేరు. ఆ గంట ఖాళీగా దొరికిన టీచరుకు అంటగట్టేశారు.

యోగా పెట్టండి. కానీ రోజూ పెట్టండి, శిక్షణ పొందినవారితో పెట్టండి, మధ్యాహ్న భోజనం అరగకముందే వంగమనకండి. టైము చాలకపోతే సాయంత్రం స్టడీ అవర్‌లో అరగంట కోయండి.

– ఒక విశ్రాంత వ్యాయామోపాధ్యాయుడు, విజయనగరం