ఆపడం వేరు, పెట్టడం వేరు

'పార్కింగు'కు తెలుగులో సరైన మాట లేదని బాధపడే మిత్రులు నాకు చాలామంది ఉన్నారు. 'వాహన నిలుపుదల' అని ఒకరు, 'నిలుపుతావు' అని మరొకరు ప్రతిపాదించగా విన్నాను. ఒక సంస్కృతాభిమాని 'శకటస్థాపనం' అనగానే ఆ సభ అంతటితో ముగిసింది. నా మటుకు నాకు ఆ బాధ లేదు. మన వాడుకలో రెండు చక్కని మాటలున్నాయి. దారిలో తెలిసినవారు ఎదురైతే బండి 'ఆపుతాం'. బజారులో పని చూసుకొని రావాలంటే బండి ఒకచోట 'పెడతాం'. "బండెక్కడ ఆపావు?" అనడానికీ "బండెక్కడ పెట్టావు?" అనడానికీ గల తేడా తెలుగింటి పసివాడికి కూడా తెలుసు. ఆపినవాడు బండి దగ్గరే ఉంటాడు. పెట్టినవాడు దాన్ని వదిలి తన దారిన తాను పోతాడు.

మన చట్టం చేసే విభజన కూడా సరిగ్గా ఇదే. రోడ్డు పక్కన నిలబెట్టే గుండ్రని గుర్తులు చూడండి. ఎర్రని ఏటవాలు గీత ఒక్కటే ఉంటే అక్కడ బండి పెట్టకూడదని అర్థం. మనిషిని దింపడానికో ఎక్కించుకోవడానికో క్షణకాలం ఆపవచ్చు. రెండు గీతలు ఒకదానినొకటి ఖండించుకుంటూ ఉంటే అసలు ఆపనే కూడదు. లైసెన్సు తీసుకొని ఇరవై ఏళ్ళు బండి నడిపిన తరువాత గాని ఈ తేడా నాకు తెలియలేదు. తెలిసిన తరువాత నలుగురికీ చెప్పి కొంత పాండిత్యం ప్రకటించాను కూడా. అంతటి పండితుడు ఒక రాత్రి చేసిన నిర్వాకం ఇప్పుడు చెప్పాలి.

మాది హైదరాబాదులో ఒక పాత కాలనీ. లేఅవుటు కాగితంలో మా వీధి వెడల్పు 30 అడుగులు. కాగితంలో అని ఎందుకన్నానంటే, ప్రతి ఇంటి గేటు ముందూ రోడ్డు మీదికి దిగిన సిమెంటు ర్యాంపు ఉంది. ర్యాంపు పక్కన పూలకుండీలు, కుండీల పక్కన ఇతరుల బండ్లు రాకుండా పాతిన రాళ్ళు ఉన్నాయి. రెండు వైపులా కలిపి ఇవి 9 అడుగులు మింగేశాయి. మిగిలిన 21 అడుగులలో ఒక పక్కన ఒక కారు, దానికి ఎదురుగా మరొకటి పెడితే, నడుమ మిగిలేది ఏడడుగులు. ఒకప్పుడు ఇంటికొక స్కూటరు ఉన్న వీధి ఇది. ఆ ఇళ్ళు ఇప్పుడు అపార్టుమెంట్లయ్యాయి. ఫ్లాటుకొక కారు కింద స్తంభాల నడుమ పడుతుంది. రెండవ కారు రోడ్డు మీదికి వస్తుంది.

ఆ రోజు మా ఇంటికి చుట్టాలు వచ్చారు. అతిథి మర్యాదగా నా చోటు వారి కారుకు ఇచ్చి, నా కారు తీసుకువెళ్ళి వీధిలో పెట్టాను. ఎదురుగా మరో కారు ఉన్నదని చూశాను. నడుమ నా కారు సులువుగానే పట్టింది కదా అనుకొని పోయి పడుకున్నాను. రాత్రి రెండు గంటలకు మా ఎదురింటి మాస్టారికి గుండెనొప్పి వచ్చింది. అంబులెన్సు వీధి మొదటికి వచ్చి, అక్కడినుండి లోపలికి రాలేక నిలిచిపోయింది. ఎవరి కారో ఎవరికీ తెలియలేదు. తెలిసినా నా ఫోను మూగగా ఉంది. చివరకు మాస్టారిని కుర్చీలో కూర్చోబెట్టి, నలుగురు మోసుకుంటూ వీధి చివరిదాకా తీసుకుపోయారు. ఇదంతా నాకు తెల్లవారాక తెలిసింది.

ఆయన బతికారు. పదకొండు రోజుల తరువాత ఇంటికి వచ్చారు. నేను వెళ్ళి కూర్చున్నాను. "పెళ్ళినాడు కూడా నన్నింత ఘనంగా ఊరేగించలేదయ్యా!" అని నవ్వారు. నాకు నవ్వు రాలేదు. "మాస్టారూ, ఆ అడ్డంగా ఉన్న కారు నాదేనండీ" అన్నాను. "తెలుసు బాబూ. నీ కారుకు ఎదురుగా ఉన్నది ఎవరిదో తెలుసా? మా అబ్బాయిది" అన్నారు.

ఆ మాట నన్ను వదలలేదు. ఆయన కొడుకు కారు ఒక్కటే ఉంటే అంబులెన్సు వచ్చేది. నా కారు ఒక్కటే ఉన్నా వచ్చేది. రెండూ కలిసి ఆ మనిషి దారి మూశాయి. ఇద్దరిలో ఎవరూ దుర్మార్గులు కారు. ఎవరి మటుకు వారు కొంచెం చోటు వాడుకున్నారు. ఈ జబ్బు 'పౌరస్పృహ' మీద ఉపన్యాసాలతో పోయేది కాదని నాకు ఆనాడు తోచింది. ఏ వైపు పెట్టాలో, ఏ వైపు పెట్టకూడదో అందరి తరఫునా ఒకరు నిర్ణయించాలి. ఆ నిర్ణయం లేనిచోట మంచివాళ్ళు కూడా ఒకరి ప్రాణానికి ఒకరు అడ్డు పడతారు.

ఇంతకీ నియమాలు లేవా? బోలెడు ఉన్నాయి. 1989 నాటి రహదారి నియమావళి మలుపుల దగ్గర, కూడళ్ళ దగ్గర, కాలిబాట మీద, బస్టాపుకు, బడికి, ఆసుపత్రి గుమ్మానికి దగ్గరగా బండి పెట్టరాదన్నది. నిలిచి ఉన్న మరో బండికి ఎదురుగా పెట్టరాదని కూడా అందులో స్పష్టంగా ఉన్నది. అంటే ఆ రాత్రి నేను చేసిన పని అప్పటికే నిషిద్ధాల జాబితాలో ఉండింది. ఆ నియమావళి స్థానంలో 2017లో కొత్త డ్రైవింగు నిబంధనలు వచ్చాయి. కాలిబాట, కూడలి, ఇతరుల గేటు వంటి నిషేధాలు వాటిలోనూ కొనసాగాయి. బాటకు అడ్డం కలిగించినందుకు 1860 నాటి శిక్షాస్మృతిలోని 283వ సెక్షను 200 రూపాయల దాకా జరిమానా పెట్టింది. ఆనాడు 200 రూపాయలంటే చిన్న సొమ్ము కాదు. ఆ అంకె అలాగే ఉండి ఉండి, 2024 జులైలో భారతీయ న్యాయ సంహిత వచ్చాక, 285వ సెక్షనులో 5,000 రూపాయలయింది. మోటారు వాహనాల చట్టంలోని సాధారణ జరిమానాను కూడా 2019 సవరణ 100 నుండి 500 చేసింది. రాష్ట్రాలు నిజంగా వసూలు చేసే మొత్తాలలో తేడాలున్నాయి, అది వేరే సంగతి.

శిక్షించే భాగం ఇంత వివరంగా ఉండగా, చోటు చూపించే భాగం ఎలా ఉన్నదో చూడండి. 1988 నాటి ఆ చట్టంలోనే 117వ సెక్షను ఉంది. మోటారు బండ్లు ఎక్కడ నిలబడవచ్చో, ఎంతసేపు నిలబడవచ్చో, స్థానిక సంస్థను సంప్రదించి ప్రభుత్వం నిర్ణయించవచ్చునని దాని సారాంశం. అలా నిర్ణయించేటప్పుడు రోడ్డు వాడేవారి భద్రతకు ప్రాధాన్యమివ్వాలని 2019లో చేర్చారు. మంచి సెక్షనే. కాని అక్కడున్నది 'వచ్చు'. బండి నడిపేవాడి దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ 'వచ్చు' పోయి 'వలెను' వస్తుంది: అడ్డం లేకుండా పెట్టవలెను, అపాయం లేకుండా పెట్టవలెను. ఏలేవారికి 'వచ్చు', మనకు 'వలెను'! మన ఊళ్ళలో బండ్ల గోల అంతా ఈ రెండు క్రియల నడుమ ఇరుక్కుని ఉన్నదని నా అభిప్రాయం.

ఫలితం మనం రోజూ చూస్తున్నదే. పెద్ద రోడ్డు మీద క్రేను వచ్చి బండ్లు ఎత్తుకుపోతుంది. ఎత్తే పద్ధతికి కూడా నియమముంది. 127వ సెక్షను ప్రకారం, నిషిద్ధ స్థలంలో పెట్టిన బండిని గాని, పది గంటలకు మించి దిక్కులేకుండా వదిలేసిన బండిని గాని తొలగించడానికి యూనిఫారంలో ఉన్న పోలీసు అధికారి అనుమతి ఉండాలి. క్రేను కుర్రవాళ్ళు తమంతట తాము ఎత్తుకుపోవడానికి వీల్లేదు. ఇక బండి పోగొట్టుకున్నవాడు అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "ఇక్కడ కాకపోతే ఇంకెక్కడ పెట్టాలి?" ఈ ప్రశ్నకు సమాధానం గోడ మీద గాని, రోడ్డు మీద గాని ఎక్కడా రాసి ఉండదు. సమాధానం లేని చోట వేసిన జరిమానాను జనం శిక్షగా భావించరు, సుంకంగా భావిస్తారు. సుంకం కట్టి మళ్ళీ అక్కడే పెడతారు.

ఖాళీగా వదిలిన ఈ అధికారాన్ని ఇంటి యజమానులు చేజిక్కించుకున్నారు. "ఇచ్చట వాహనములు నిలుపరాదు. నిలిపినచో గాలి తీయబడును" అన్న బోర్డు చూడని తెలుగువాడు ఉండడు. (వ్యావహారిక భాషోద్యమం వచ్చి నూరేళ్ళు దాటినా గ్రాంథికం చెక్కుచెదరకుండా బతికి ఉన్నది ఈ బోర్డుల మీదనే.) ఒకరి గేటుకు అడ్డంగా బండి పెట్టడం తప్పే, అందుకు బోర్డు కూడా అక్కరలేదు. కాని గేటును దాటి ప్రహరీ పొడుగునా ఉన్న రోడ్డంతా తనదేనని బోర్డు పెట్టే హక్కు, గాలి తీసే హక్కు ఎవరిచ్చారు? అది మనందరి రోడ్డు. ఆ వరసలో పూలకుండీ కూడా ఆక్రమణే. మల్లెపూవు పూసినంత మాత్రాన పవిత్రం కాదు.

మరి కారు యజమాని వాదన ఏమిటి? "లైఫ్ టాక్సు కట్టాను, రోడ్డు మీద పెట్టుకుంటే తప్పేమిటి?" అని. నేనూ ఒకప్పుడు అన్నవాణ్ణే. ఆ పన్ను రోడ్డు మీద బండి నడపడానికి కట్టినది, రోడ్డును గ్యారేజీగా వాడుకోవడానికి కాదు. కారు నిలవడానికి సుమారు రెండున్నర మీటర్ల వెడల్పు, ఐదు మీటర్ల పొడవు చోటు కావాలి. మన లెక్కలో అది 15 గజాలు. మా కాలనీలో 15 గజాల నేల ఎవరైనా నాకు ఊరకే ఇస్తారా? ఇల్లు కట్టేటప్పుడు అర గజం కోసం అన్నదమ్ములు కోర్టుకెక్కుతారు! అదే వీధిలో తోపుడుబండి మీద జామకాయలు అమ్మే మనిషి ఉన్నాడు. అతనికి కావలసినది నాలుగు గజాలు. ఆ నాలుగు గజాల కోసం 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ప్రకారం సర్వేలు, కమిటీలు, ధ్రువపత్రాలు ఉన్నాయి. అవి ఉన్నా అతన్ని లేచిపొమ్మనేవారు ఉన్నారు. రాత్రింబగళ్ళు 15 గజాలు ఆక్రమించిన నా కారును ధ్రువపత్రం చూపమని ఎవరూ అడగలేదు. రోడ్డు మీద బతుకుతెరువు వెతుక్కునేవాడు ఆక్రమణదారు, ఇనుపసామాను దాచుకునేవాడు గౌరవనీయుడైన పౌరుడు. ఈ న్యాయం నాకు మింగుడు పడడం లేదు.

2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానం ఈ మాటే మర్యాదగా చెప్పింది. నగరాలలో నేల విలువైనది గనుక, బండి నిలిపే రుసుము ఆ నేల విలువను నిజంగా ప్రతిబింబించాలన్నది. జపాను ఇంకా ముందుకు వెళ్ళింది. కారు పెట్టుకోవడానికి ఇంటికి రెండు కిలోమీటర్ల లోపల సొంత చోటో అద్దె చోటో ఉన్నదని చూపితే గాని అక్కడ మామూలు కారు రిజిస్టరు కాదు. ఆ చట్టం చేసింది 1962లో, ఆ దేశంలో ఇంటింటికీ కార్లు రాకముందే. మనకు ఆలస్యమయింది, నిజమే. అంతటి నియమం ఇప్పుడు రాత్రికి రాత్రి పెడితే మధ్యతరగతివారికి ఊపిరాడదు. దొంగ ధ్రువపత్రాల వ్యాపారం కూడా మొదలవుతుంది.

కనుక నేను కోరేది చిన్నది. ఇరుకు వీధులలో ఒక్క వైపునే బండ్లు పెట్టనివ్వాలి. ఆ వైపేదో రోడ్డు మీద గీత గీసి చెప్పాలి. పుణెలో పీ-1, పీ-2 అన్న బోర్డులు చూశాను. బేసి తేదీలలో ఒక వైపు, సరి తేదీలలో మరొక వైపు పెట్టాలి. ఏ ఇంటివారికీ శాశ్వతంగా బాధ లేదు, శాశ్వతంగా హక్కూ లేదు. దీనికి ఫ్లైఓవర్లు కట్టనక్కరలేదు. కొంత రంగు, కొన్ని రేకులు, తేదీ చూసుకునే ఓపిక చాలు. బజారు వీధులలో ఆటోలు, సామాను తెచ్చే కుర్రవాళ్ళు క్షణం 'ఆపుకోవడానికి' కొంత చోటు విడిగా ఉంచి, గంటల తరబడి 'పెట్టేవారి' దగ్గర రుసుము తీసుకోవాలి. చోటు చూపించిన తరువాత కూడా తప్పు చేస్తే, అప్పుడు క్రేను రావచ్చు. నేనే దగ్గరుండి దారి చూపిస్తాను.

మా వీధిలో ఈ పని మేమే మొదలుపెట్టాం. మాస్టారి అధ్యక్షతన ఎనిమిది ఇళ్ళవారం కూర్చొని ఉత్తరం వైపు మాత్రమే పెట్టాలని అనుకున్నాం. సున్నంతో గీత గీశాం. రెండు ఇళ్ళవారు కుండీలు తీశారు, ఒకరు ససేమిరా అన్నారు. మునిసిపాలిటీకి అర్జీ ఇచ్చాం. సమాధానం ఇంకా రాలేదు. మొదటి వానకే సున్నం గీత కొట్టుకుపోతే మళ్ళీ గీశాం. సున్నం గీతకు చట్టబలం లేదని నాకు తెలుసు. బయటినుండి వచ్చినవారు దాన్ని ముగ్గనుకొని పక్కకు తప్పుకుంటున్నారు, అదీ మంచిదే.

ఉత్తరం వైపు చోటు లేని రోజున నా కారు రెండు వీధులవతల పెట్టి నడిచి వస్తున్నాను. మాస్టారు అరుగు మీద కూర్చొని "బండెక్కడ పెట్టావు బాబూ?" అని అడుగుతారు. చెబుతాను. మీ వీధిలో ఈ రాత్రి అంబులెన్సు రావలసి వస్తే వస్తుందా? ఒకసారి బయటికి వెళ్ళి అడుగులు కొలిచి చూడండి.