బిల్లు కట్టేచోట పేరడగరు

బొంబాయి పోయినవాళ్లని ఇప్పుడు లోయర్ పరేల్ చూపించకుండా వదలరు. పగలు షాపింగు, రాత్రి పబ్బులు. నన్నూ ఒక సెక్యులర్ మిత్రుడు తీసుకెళ్లాడు. 1905లో పుట్టిన ఫీనిక్స్ మిల్లు ఇప్పుడు పెద్ద మాల్. పాత చిమ్నీని మాత్రం అలంకారంగా ఉంచుకున్నారు. దాని కింద నిలబడి మిత్రుడన్నాడు: "చూశావా భాయ్, ఇక్కడ నీ మతం ఎవడూ అడగడు. సెక్యులరిజం అంటే ఇదీ."

నిజమే. బిల్లు కట్టేచోట పేరడగరు. నోటుకి సున్తీ ఉండదు గదా!

కానీ మా అబ్బాయి ఉద్యోగం ఆ చుట్టుపక్కలే. వాడికి అద్దె ఇల్లు చూస్తే ఒక యజమాని అడ్వాన్సు చేతిలోకి తీసుకున్నాక పేరడిగాడు. విని, డబ్బు తిరిగిచ్చేశాడు. "నాకేం లేదు, సొసైటీవాళ్లు ఒప్పుకోరు" అన్నాడు. అర్ధరాత్రి దాటినా తాగడానికి తలుపు తెరిచి ఉన్న పేటలో, పడుకోడానికి మాకు తలుపు తెరుచుకోలేదు. మిత్రుడా, నీ సెక్యులరిజం ఏ గుమ్మం దాకా?

మేం దూదేకులవాళ్లం. మా తాత విల్లు మీటి దూది ఏకి పరుపులు కుట్టాడు. చిన్నాయన బొంబాయి పోయి మిల్లులో మగ్గం పట్టాడు. పక్క మగ్గం మీద మదన్‌పురా మోమిన్. ఇంకో పక్కన కొంకణ్ మరాఠీ, తెలంగాణ పద్మశాలీ. మిల్లు స్వర్గమని నేననను. తెగిన దారాన్ని నోటితో పీల్చి కండె ఎక్కించాలి గనక, ఎంగిలి అంటుతుందని దళితుల్ని నేత ఖాతాలోకి రానివ్వలేదు. 1928 సమ్మెలో అంబేడ్కర్ అడిగిన ప్రశ్న అదే. ఆ మచ్చ ఉండగానే, కూలి కోసం అందరూ ఒక్కటిగా అరిచిన చోటు కూడా అదే.

1982 జనవరి 18న దత్తా సామంత్ వెనక సుమారు రెండున్నర లక్షలమంది సమ్మెకు దిగారు. ఓడిపోయారు. చిన్నాయన భీవండి పవర్‌లూమ్‌కి పోయాడు. 1984లో భీవండి తగలబడింది. 1992-93లో బొంబాయి తగలబడింది. శ్రీకృష్ణ కమిషన్ లెక్కలో చచ్చిన 900 మందిలో 575 మంది ముస్లింలు. మిల్లు పోయినందుకే అల్లర్లు జరిగాయని నేను చెప్పడంలేదు. మిల్లు ఉన్నన్నాళ్లు చిన్నాయన కార్మికుడూ ముస్లిమూ కూడా. మిల్లు పోయాక వట్టి తురక. అంతే మిగిల్చారు.

మరి ఆ నేల ఏమైంది? 1991 నిబంధన ప్రకారం మిల్లు నేలలో ఒక వంతు ఖాళీ స్థలాలకి, ఒక వంతు సామాన్యుల ఇళ్లకి, ఒక వంతు యజమానికి. 2001లో నిబంధన మార్చి, కట్టడాలు లేని ఖాళీ జాగాలోనే వాటా అన్నారు. 2006లో సుప్రీంకోర్టు సరేనంది. మా ఇళ్లకు రావాల్సిన నేల మీద మాకు షాపింగు చూపిస్తున్నారు!

మా ముల్లాసాబులకూ ఒక మాట. పబ్బు హరామని జుమ్మా జుమ్మాకీ చెప్తారు. చెప్పండి. చెమట ఆరకముందే కూలి ఇమ్మన్న దీన్ మనది. వేలమంది బకాయి మింగిన నేల గురించి ఒక్క జుమ్మా అయినా నోరు విప్పారా? సీసా ఒక్కటే హరామా, ఆ నేల కాదా?

2017 డిసెంబర్ 29న, అర్ధరాత్రి దాటాక, కమలా మిల్స్ ఆవరణలో మేడపై బార్లు అంటుకుని 14 మంది చచ్చిపోయారు. మంట కూడా ఎవరి పేరూ అడగలేదు. పేరడక్కపోవడమే సమానత్వమైతే దాన్నీ సమానత్వం అనాలి.

మాకు పేరు దాచిపెట్టే సమానత్వం వద్దు. మేం బజారుకొస్తాం, కొంటాం, మా పిల్లలూ కొంటారు. దాన్ని సెక్యులరిజమని మాకు అమ్మకండి. ఆ చిమ్నీ కింద పనిచేసినవాళ్ల పేర్లు రాయండి. మోమిన్ పేరు, దళితుడి పేరు, పద్మశాలీ పేరు, మా చిన్నాయన పేరు. కొట్టేసిన వాటా సంగతి తేల్చండి. అప్పుడు మా అబ్బాయి పేరు అడగండి. పేరు విన్నాక కూడా తాళంచెవి ఇవ్వండి.