రెండు లక్షల టోకెను

2024 అక్టోబరు మొదటి రెండు వారాలూ తెనాలి బోసు రోడ్డులో టీ కొట్ల దగ్గర ధాన్యం రేటు మాటే లేదు, సినిమా మాటా లేదు. ‘ఎన్ని వేశావ్?’ అంటే ‘నువ్వెన్ని వేశావ్?’ అనేదే పలకరింపు. వేసింది ఓటు కాదు, మద్యం షాపుకి దరఖాస్తు. ఒక్కోటి రెండు లక్షలు. తగిలినా తగలకపోయినా ఆ రెండు లక్షలూ తిరిగిరావు.

రాష్ట్రమంతా కలిపి 3,396 షాపులు. వాటికి వచ్చిన దరఖాస్తులు 89,882. అక్టోబరు 14న లాటరీ తీసేనాటికే ఖజానాలో పడిన ఫీజు 1,797 కోట్ల పైచిలుకు. అప్పటికి ఒక్క సీసా కూడా అమ్మలేదు. షాపులు తెరిచింది 16న. తగిలిన వాళ్ల ఫీజు తీసేసి చూడండి, ఏమీ దక్కని దరఖాస్తుల మీద వచ్చిందే దాదాపు 1,730 కోట్లు. అంటే ఈ వ్యాపారంలో ప్రభుత్వానికి మొదటి ఖాతాదారు తాగేవాడు కాదు, షాపు రానివాడు.

ఒకరు ఎన్ని షాపులకైనా, ఎన్ని దరఖాస్తులైనా వేసుకోవచ్చన్నారు. అక్కడే మధ్యతరగతి ఇరుక్కుంది. తెనాలిలో పదిమంది స్నేహితులు తలా రెండు లక్షలు వేసుకుని పది దరఖాస్తులు పెట్టారనుకోండి. ‘పదింట్లో ఒక్కటైనా తగలదా’ అన్నది వాళ్ల ధీమా. షాపుకి సగటున 26 మంది పోటీ. ఆ లెక్కన పదింట్లో ఒక్కటీ తగలకుండా పోయే అవకాశం మూడింట రెండు వంతులు. ఈ గుణకారం ఇంటర్ చదివే పిల్లాడు చేసి చూపించగలడు. కానీ ఇరవై లక్షలు కట్టేముందు ఇంట్లో పిల్లాణ్ని అడిగేదెవరు? ఇల్లాలికే చెప్పనివాళ్లు బోలెడుమంది. చీటీ పాడిన డబ్బులు, బ్యాంకులో పెట్టిన గొలుసు, రొయ్యల చెరువు మీద తెచ్చిన అప్పు... ఇవన్నీ ఎటు పోయాయో దసరా వెళ్లాక బయటపడ్డాయి. ఆ ఏడు విజయదశమి 12న వచ్చింది, లాటరీ 14న. పండగపూట దేవుడికి కొట్టిన కొబ్బరికాయల్లో సగం దేనికోసమో ఆ దేవుడికే తెలియాలి.

లైసెన్సు ఫీజు లెక్క ఇంకో చిత్రం. ఊరి జనాభాని బట్టి నాలుగు శ్లాబులు పెట్టారు. పదివేల లోపు ఊరికి ఏడాదికి 50 లక్షలు, యాభై వేల లోపు అయితే 55 లక్షలు, ఆపైన అయిదు లక్షల జనాభా వరకు 65 లక్షలు, అదీ దాటితే 85 లక్షలు. 2011 లెక్కల్లో తెనాలి జనాభా లక్షా 64 వేల పైన, బాపట్ల 70 వేల పైన. ఆ రెండూ 65 లక్షల శ్లాబులో పడటంలో వింతలేదు. రేపల్లె సంగతి చూడండి. 50,866. గీత దాటింది 866 మంది వల్ల! అటు తెనాలికీ ఇటు రేపల్లెకీ ఒకటే ఫీజు. తెనాలి అంగట్లో అమ్మకం వేరు, మడ అడవుల అంచున ఉన్న రేపల్లెలో అమ్మకం వేరని వ్యాపారికి తెలుసు, శ్లాబుకి తెలియదు. బాపట్ల వాళ్లకి మాత్రం శని, ఆదివారాల్లో సూర్యలంక బీచికి వచ్చే కార్లు కాస్త ఆశ చూపించాయి.

అమెరికాలో పశ్చిమ రాష్ట్రాల్లో ప్రభుత్వ భూముల్లో ఎల్క్ అనే పెద్ద దుప్పిని వేటాడాలంటే చాలాచోట్ల పర్మిట్‌కి ఇలాగే లాటరీ తీస్తారు. మన దగ్గర 1972లో వచ్చిన వన్యప్రాణి చట్టంతో వేటే నేరమైంది కాబట్టి ఆ తంటా లేదు. అక్కడి వేటగాళ్లూ ఏళ్ల తరబడి తగల్లేదని తిట్టుకుంటూనే ఉంటారు. అయితే కొలరాడోలాంటి చోట్ల ఓ చిన్న మర్యాద ఉంది. ఈ ఏడు తగలనివాడి పేరున ఒక పాయింటు జమ చేస్తారు. పాయింట్లు పెరిగేకొద్దీ వరుసలో ముందుకొస్తాడు. మన దగ్గర తగలనివాడి పేరున జమ అయ్యేది అప్పు మీద వడ్డీ.

పోనీ పాత పద్ధతే మేలా అంటే అదీ కాదు. ఉమ్మడి రాష్ట్రంలో వేలంపాటలుండేవి. సిండికేట్లు కూడబలుక్కుని పాడుకునేవి. వాటిమీద ఏసీబీ దాడులు జరిగాక 2012లో వేలం పోయి లాటరీ వచ్చింది. టోకెను తీసే చెయ్యికి పక్షపాతం ఉండదు కదా అన్నారు. నిజమే, చెయ్యికి లేదు. కానీ వంద దరఖాస్తులు వేయగలిగినవాడికీ, అప్పు చేసి ఒకటే వేసినవాడికీ ఆ డబ్బాలో వాటా ఒకటెలా అవుతుంది? 2019 అక్టోబరు నుంచి అయిదేళ్లు ప్రభుత్వమే షాపులు నడిపింది. అప్పుడు లాటరీ లేదు, అడిగిన బ్రాండూ లేదని తాగేవాళ్లు గొణిగారు.

తగిలినవాళ్లయినా సుఖపడ్డారా? ఇరవై శాతం మార్జిన్ వస్తుందనుకున్నవాళ్లు, చేతికొచ్చేది అందులో సగమేనని కొద్ది నెలలకే గోల పెట్టారు. 2025లో దాన్ని 14 శాతానికి పెంచారు. ఆ ఏడు ఆగస్టులో 840 బార్లకి దరఖాస్తులు పిలిచి, ఒక్కోదానికి కనీసం నాలుగు వస్తేనే లాటరీ అన్నారు. ఈసారి జనం ఎగబడలేదు. చాలా బార్లకి ఆ నాలుగూ రాక గడువు పెంచాల్సి వచ్చింది. చేతులు కాలినవాళ్లు ఆకులు పట్టుకోవడం మొదలుపెట్టారన్నమాట. పక్కన తెలంగాణలో మాత్రం ఫీజు మూడు లక్షలు చేసినా 2025 అక్టోబరులో 2,620 షాపులకి 95 వేలకు పైగా దరఖాస్తులొచ్చాయి.

2024లో ఇచ్చిన షాపుల లైసెన్సులకి రాసిన గడువు 2026 సెప్టెంబరు 30. ఆ తేదీ బోసు రోడ్డు టీ కొట్లలో చాలామందికి కంఠతా వచ్చు. ఇంట్లో ఆడవాళ్లకి కూడా ఇప్పుడు తెలుసు. బీరువా తాళాలు ఎవరి కొంగున ఉన్నాయన్నదే తేలాలి.