ఆడ ఎలుకల్ని అడిగారా?

మా అక్క కూతురు ఇక్కడే వరంగల్‌లో ఎం.ఫార్మసీ చదువుతోంది. ఆదివారాలు హన్మకొండలోని మా ఇంటికి వస్తుంది. మొన్న మా అత్తమ్మ బీపీ మాత్ర వేసుకుంటుంటే ఆ పట్టీ తీసుకుని చూసి, "నా ప్రాజెక్టు కూడా బీపీ మీదనే అమ్మమ్మా" అంది. ఎలుకలకు కొన్ని వారాలు ఫ్రక్టోజు కలిపిన తియ్యటి నీళ్లు పెడతారట. దాంతో బీపీ పెరుగుతుంది. మన చేతికి కట్టినట్టే వాటి తోకకు పట్టీ కట్టి కొలుస్తారు. తర్వాత మందిచ్చి చూస్తారు.

"ఆడవా, మొగవా?" అని అడిగింది అత్తమ్మ. పెళ్లి సంబంధం అడిగినట్టే ఉందని నవ్వుకున్నాం.

"అన్నీ మొగవే అమ్మమ్మా. ఆడవాటికి నాలుగైదు రోజులకోసారి హార్మోన్లు మారుతయి, లెక్క తప్పుతదంటరు."

నెలసరి పేరు చెప్పి మనల్ని వంటింటికీ గుడికీ దూరం పెట్టడం తెలిసిందే. ప్రయోగశాలకూ దూరం పెట్టారని నాకు ఆ రోజే తెలిసింది. ఆ తర్వాత దొరికినంత చదివాను. 2011లో అమెరికా పరిశోధకులు జంతు పరిశోధనల్ని వడపోస్తే పది శాస్త్రాల్లో ఎనిమిదింట మగ జంతువులదే పైచేయి. పోనీ ఆ లెక్క తప్పే భయమైనా నిజమా? 2014లో చుంచెలుకల మీద పాత ఫలితాలన్నీ కలిపి చూస్తే, హెచ్చుతగ్గులు మగవాటిలోనూ తక్కువేం లేవు! ఆడా మగా రెంటినీ లెక్కలోకి తీసుకోవాలి, లేదంటే గట్టి కారణం చూపాలి అని అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ 2016లో నిబంధన పెట్టింది.

బీపీ విషయంలో ఇది చిన్న తేడా కాదు. 1980లో రాబర్ట్ ఫర్చ్‌గాట్ అనే శాస్త్రవేత్త కుందేలు రక్తనాళం ముక్కలతో ఒక సంగతి కనిపెట్టారు. లోపలి పొర బాగున్న ముక్క మందు తగలగానే సడలింది. పొర గీరుకుపోయిన ముక్క సడలలేదు. ఆ పొర నుంచి వచ్చే నైట్రిక్ ఆక్సైడే నాళాన్ని వదులు చేస్తుందని తర్వాత తేలింది. 1998లో ఆయనకు మరో ఇద్దరితో కలిపి నోబెల్ ఇచ్చారు. ఈ నైట్రిక్ ఆక్సైడు తయారీకి మన ఈస్ట్రోజెన్ సాయపడుతుంది. ముట్లుడిగాక ఆ సాయం తగ్గుతుంది. మా అత్తమ్మకు బీపీ మొదలైంది యాభై దాటాకే. "కోడలొచ్చింది కదా, టెన్షన్" అన్నారు చుట్టాలు. ఆ నింద ఇన్నేళ్లూ నేను మోశాను!

అవే తియ్యటి నీళ్లు ఆడ ఎలుకలకు పెడితే బీపీ పెరగలేదని 2002లో కెనడా పరిశోధకులు రాశారు. మగవాటినే చూస్తూ కూర్చుంటే ఆ రక్షణ ఎక్కడిదన్న ప్రశ్నే పుట్టదు.

ఆడ జంతువుల్ని చూసినచోట మేలే జరిగింది. క్యాప్టోప్రిల్ అనే బీపీ మందు అమెరికాలో 1981లో అమ్మకానికి వచ్చింది. అది కడుపులో పిల్లకు ప్రమాదమని చూలు గొర్రెలు, కుందేళ్లు అంతకు ముందే, 1980లోనే చెప్పాయి. ఈరోజుకీ పేరు చివర 'ప్రిల్' ఉన్న మాత్రలు గర్భిణులకు ఇవ్వరు. ఆ మాత్ర వాడుతూ పిల్లల కోసం చూస్తున్నవాళ్లు ముందుగానే డాక్టరుతో మాట్లాడి మార్పించుకోవాలి. సొంతంగా మానేస్తే మళ్లీ అదో ప్రమాదం.

అయితే ఆడవాటినీ పెట్టమని అడగడమంటే ఇంకొన్ని ప్రాణాలు అడగడమే. నాకు రెండ్రోజులు మనసు ఒప్పలేదు. ఎన్ని జంతువులు, ఎందుకు అన్నది ముందే చెప్పి కాలేజీలోని నైతిక సంఘం అనుమతి తీసుకోవాలి. 2023లో మన దేశం కొత్త మందుల నిబంధనలు సవరించి, జంతువులకు బదులు మనిషి కణాలు, చిప్‌లు, కంప్యూటర్లతో చేసే పరీక్షలకూ దారి తెరిచింది. మంచిదే. కానీ బీపీ అంటే గుండె, మూత్రపిండాలు, నరాలు, నాళాలు కలిసి ఆడే ఆట. గాజుపలకలోని నాలుగు కణాలకు బీపీ ఎక్కడుంటుంది? పైగా ఆ కణాలు ఆడమనిషివా, మగమనిషివా అని అక్కడా అడగాల్సిందే.

ఈ ఆదివారం పిల్ల మళ్లీ వచ్చింది. ఆడ ఎలుకల జట్టును కూడా చేర్చుదామని గైడ్‌ను అడిగిందట, దరఖాస్తు రాయమన్నారట. అత్తమ్మ మాత్ర మింగి, నీళ్లగ్లాసు కింద పెట్టి, "బీపీ తగ్గినంక ఆ ఎలుకల్ని ఇడిసిపెడ్తరా బిడ్డా?" అంది.

అది తల వంచుకుని టిఫిన్ డబ్బా సర్దుకుంది.